ఇంకొకరి చేతిల ఫోన్ పెట్టకుండ పని అయితదా: వెబ్‌సైట్ యాక్సెసిబిలిటీ అంటే అసలు ఏంది

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది, ఆన్‌లైన్ సేవలు అందుకునుడు కూడ రాజ్యాంగంల 21వ ఆర్టికల్ కింద ఉన్న బతికే హక్కుల భాగమే అని. అప్పటిసంది యాక్సెసిబిలిటీ, అంటే వైకల్యం ఉన్నోళ్లు కూడ సైట్‌ను సొంతంగ వాడుకునే వీలు, అనే మాట బ్యాంకుల్ల, కాలేజీల్ల, సర్కారు ఆఫీసుల్ల బాగ వినవడుతుంది, దాని చుట్టూ గందరగోళం కూడ అంతే ఉంది. సైట్ మీద అక్షరాలు పెద్దగ చేసే బటన్ ఒకటి పెడితే సరిపోతదని ఒకరంటరు, ఇగ ప్రతి సైట్ పైకి మాట్లాడాలేమో అని ఇంకొకరు, ఇదంత చూపు లేనోళ్ల కోసమే కదా మనకు అట్లాంటి కస్టమర్లు ఎవరున్నరు అని మరొకరు. ఈ మూడిట్ల ఏదీ సరైన మాట కాదు. ఎందుకు కాదో మొదటికెళ్లి చూద్దాం.

ఇయ్యాల నల్లగొండల గానీ పాలమూరుల గానీ ఏ పని జూసినా ఆన్‌లైనే. వైకల్య సర్టిఫికెట్ క్యాంపుకు స్లాట్, భూమి రికార్డు, పిల్లల స్కాలర్‌షిప్, ఈఏపీసెట్ కౌన్సెలింగ్, బ్యాంకు ఖాతా, గ్యాస్ బుకింగ్. సైట్ సరిగ లేకపోతే చూపు లేని మనిషి పని పూర్తిగ ఆగిపోతదని కాదు, ఎట్లనో ఒకట్ల అయితది, కానీ దానికోసం ఆ మనిషి తన ఫోన్, తన పిన్, తన ఓటీపీ అన్నీ తీస్కపోయి నెట్ సెంటర్ పిలగాని చేతిల పెట్టాలె. ఖాతాల ఎన్ని పైసలున్నయో, ఏ జబ్బుకు సర్టిఫికెట్ అడుగుతున్నదో, ఎవలకు పైసలు పంపుతున్నదో అన్నీ ఇంకొకరికి తెలుస్తయి. అందుకే నా లెక్కల యాక్సెసిబిలిటీ గురించి ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ పని ఆ మనిషి ఒక్కడే కూసోని, ఒక్కతే కూసోని, చేసుకోగలుగుతున్నరా?

ఎవరెవరికి అడ్డం వస్తది

1995 నాటి వికలాంగుల చట్టంల 7 రకాల వైకల్యాలే ఉండె. 2016ల వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21 చేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంల 2.68 కోట్ల మంది వైకల్యం ఉన్నోళ్లు, అది పాత జాబితా కాలంల తీసిన లెక్క అని గుర్తు పెట్టుకోవాలె. వెబ్‌సైట్ వరకు చూస్తే వీళ్లందరికీ వచ్చే ఇబ్బందులు ఒక నాలుగు తీర్లుగ ఉంటయి: చూడలేకపోవుడు లేదా సరిగ కనవడకపోవుడు, వినలేకపోవుడు, చేతులు అనుకున్నట్టు కదలకపోవుడు, చదివింది అర్థం చేసుకునుడుల గుర్తు పెట్టుకునుడుల కష్టం.

మూడోది మన జిల్లాలకు కొత్తగ చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు గట్టిపడి, మెడ తిరగక, వేళ్లు పూర్తిగ చాపరాక బతుకుతున్నోళ్లు ఎంతమందో. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినంక కొత్త తరానికి ఆ బాధ తగ్గుతుండొచ్చు గానీ వంగిన ఎముక మళ్ల నిటారు కాదు కదా. అట్లాంటి చెయ్యితోని స్మార్ట్‌ఫోన్ పట్టుకున్న మనిషిని ఒకసారి మనసుల పెట్టుకోండ్రి. స్క్రీన్ మీద ఒకదానికొకటి అతుక్కోని ‘సబ్మిట్’, ‘క్యాన్సిల్’ రెండు చిన్న బటన్లు. వేలి కొసతోని కాక వేలి కణుపుతోని నొక్కాలె, ఒకటి నొక్కబోతే ఇంకోటి పడుతది, ఫారం అంత పోతది, మళ్ల మొదటికెళ్లి. అందుకే అంతర్జాతీయ ప్రమాణాల కొత్త వెర్షన్‌ల నొక్కే జాగ కనీసం 24 పిక్సెల్‌ల పొడవు, 24 పిక్సెల్‌ల వెడల్పు ఉండాలె, లేకపోతే పక్క బటన్‌కు తగినంత దూరమన్న ఉండాలె అని పెట్టిన్రు. వేలితోని గుంజుకపోయి జరిపే పనులకు మామూలుగ నొక్కి చేసే దారి కూడ ఉండాలె అని కూడ అండ్లనే ఉంది.

చెయ్యి విరిగి పట్టీ కట్టుకున్నోళ్లు, కళ్లకు శుక్లాలు వచ్చిన ముసలోళ్లు, ఎర్రటి ఎండల పొలం గట్టు మీద ఫోన్ చూసేటోళ్లు కూడ ఇదే లెక్కల పడతరు, కాకపోతే వాళ్ల ఇబ్బంది కొన్నాళ్లే ఉంటది లేదా కొంతసేపే ఉంటది. ఈ లాభం చెప్పి చాలామంది యాక్సెసిబిలిటీని సమర్థిస్తరు, అందరికీ పనికొస్తది కదా అని. నిజమే గానీ వైకల్యం ఉన్న మనిషికి అది హక్కు, మిగిలినోళ్లకు సౌలత్, ఆ తేడా మర్చిపోవద్దు.

స్క్రీన్ రీడర్ ఏం చదువుతది

చూపు లేనోళ్లు ఫోన్, కంప్యూటర్ వాడేది స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్‌తోని. ఆండ్రాయిడ్ ఫోన్ల టాక్‌బ్యాక్, ఐఫోన్ల వాయిస్‌ఓవర్ ముందే ఉంటయి. కంప్యూటర్ల జాస్ అని ఒకటుంది, దానికి పైసలు పెట్టాలె. ఎన్‌వీడీఏ అనేది ఉచితం, 2006ల మైకేల్ కరన్ అనే చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు మొదలువెట్టింది. స్క్రీన్ రీడర్ మాట్లాడే పని చేస్తది కాబట్టి సైట్ వేరేగ మాట్లాడాల్సిన అవసరం లేదు. పేజీల ‘వినండి’ బటన్ పెట్టినంత మాత్రాన పని కాదు, ఎందుకంటే ఆ బటన్ ఎక్కడుందో కనుక్కోవాలన్నా స్క్రీన్ రీడరే కావాలె.

ఇక్కడనే అసలు కిటుకు ఉంది. ప్రతి వెబ్ పేజీ రెండు రూపాల్ల ఉంటది. ఒకటి కంటికి కనవడేది. ఇంకోటి దాని వెనక కోడ్‌ల ఉండేది, ఇది శీర్షిక, ఇది బటన్, ఇది పేరు రాసే డబ్బా, ఇది టేబుల్‌ల మొదటి వరుస అని మెషిన్‌కు చెప్పేది. స్క్రీన్ రీడర్ చదివేది రెండో దాన్ని. కంటికి కనవడేది ఎంత అందంగున్నా వెనకది ఖాళీగ ఉంటే ఆ మనిషి చెవిల పడేది ఏం ఉండదు.

ఒక ఫారం తీసుకుందాం. పేరు, తండ్రి పేరు, పట్టాదారు పాస్‌బుక్ నంబర్, మొబైల్ నంబర్ అని నాలుగు డబ్బాలు. కంటికి డబ్బా పక్కన ఏం రాసుందో కనవడుతుంది. కోడ్‌ల మాత్రం ఆ రాతకూ డబ్బాకూ సంబంధం కలపలేదు అనుకుందాం. టాక్‌బ్యాక్ పెట్టుకోని వేలు కుడికి జరుపుకుంట పోతే వినవడేది ఇది: “ఎడిట్ బాక్స్. ఎడిట్ బాక్స్. ఎడిట్ బాక్స్. ఎడిట్ బాక్స్. బటన్.” ఏ డబ్బాల ఏం రాయాలె? ఆ బటన్ ఏం చేస్తది? అదే కోడ్‌ల ఒక్కొక్క డబ్బాకు లేబుల్ జోడిస్తే “పట్టాదారు పాస్‌బుక్ నంబర్, ఎడిట్ బాక్స్, తప్పనిసరి” అని వస్తది. కంటికి రెండు పేజీలూ ఒక్క తీరుగనే ఉంటయి. ప్రోగ్రామర్‌కు ఒక్కో డబ్బాకు ఒక్క లైన్ పని.

టేబుల్ సంగతి కూడ ఇట్లనే. మార్కెట్ యార్డు ధరల పట్టిక అనుకోండ్రి (అంకెలు నేను ఉదాహరణకు పెట్టినవి). పల్లికాయ వరుసల కనిష్ఠం 5200, గరిష్ఠం 6800, ఎక్కువ సరుకు పోయిన ధర 6350. పై వరుస శీర్షికలని కోడ్‌ల చెప్పకపోతే “పల్లికాయ, 5200, 6800, 6350” అని గడగడ చదువుతది, ఏది ఏదో తెల్వదు, పది పంటలు దాటేసరికి అంత కలిసిపోతది. చెప్తే ప్రతి అంకె ముందు “గరిష్ఠం, 6800” అని చదువుతది. ఇగ ఆ పట్టికను ఫొటో తీసి పెడితే “ఇమేజ్” అన్న ఒక్క మాటతోని కథ అయిపోతది, మన దిక్కు వాట్సాప్‌ల, సైట్లల్ల ఎక్కువ కనవడేది ఇదే.

శీర్షికల గురించి ఒక్క మాట. చూస్తూ చదివేటోళ్లు పేజీని పై నుంచి కిందికి ఒక్కసారి కన్నేసి కావాల్సిన దగ్గర ఆగుతరు. స్క్రీన్ రీడర్ వాడేటోళ్లు గా పనిని శీర్షిక నుంచి శీర్షికకు దుంకుకుంట చేస్తరు, ఎన్‌వీడీఏల దానికి ఒక్క మీట చాలు. అక్షరం పెద్దగ చేసి లావుగ చేసినంత మాత్రాన అది శీర్షిక కాదు, కోడ్‌ల శీర్షిక అని గుర్తు ఉండాలె.

గద్వాల చీర ఫొటోకు ఏం రాయాలె

ఫొటోకు వెనక రాసే వివరణను ఆల్ట్ టెక్స్ట్ అంటరు. దీని గురించి సలహా ఇచ్చుడు తేలిక, రాసుడు అంత తేలిక కాదు. గద్వాల చీరలు ఆన్‌లైన్ల అమ్మే ఒక దుకాణం ఉందనుకుందాం. ఫొటోకు ఏం రాయకపోతే స్క్రీన్ రీడర్ ఫైల్ పేరు చదువుతది, “ఐఎంజీ 2034” అని. “చీర” అని రాస్తే అబద్ధం కాదు గానీ దుకాణంల ఉన్న అన్ని ఫొటోలూ చీరలే. “ముదురాకుపచ్చ కాటన్ ఒళ్లు, ఎర్ర పట్టు అంచు, పట్టు కొంగు మీద జరీ బుటీలు” అంటే కొనే మనిషికి పనికొచ్చే మాట. గద్వాల చీర సంగతే అది కదా, ఒళ్లు నూలుది, అంచూ కొంగూ పట్టువి. ఆ తేడా చెప్పకపోతే ధర అంత ఎందుకో కూడ అర్థం కాదు.

అదే ఫొటో నేత పని గురించి రాసిన వ్యాసంల వస్తే వివరణ వేరే తీరుగ ఉండాలె, అక్కడ రంగు కన్నా ఒళ్లూ అంచూ కలిపే జాయింట్ ముఖ్యం. అదే చీర పేజీ మూలకు ఊరికే అలంకారానికి పెట్టిన డిజైన్ అయితే వివరణ కావాల్నని ఖాళీ అని కోడ్‌ల గుర్తు పెట్టాలె, అప్పుడు స్క్రీన్ రీడర్ దాన్ని దాటేసిపోతది. అంటే ఆల్ట్ టెక్స్ట్ సరైందా కాదా అన్నది ఫొటోను బట్టి ఉండదు, ఆ ఫొటో అక్కడ ఏం పని చేస్తుందో దాన్ని బట్టి ఉంటది. కృత్రిమ మేధ ఇప్పుడు ఫొటో చూసి వివరణ రాస్తది, ఏమీ లేనిదాని కన్నా అది నయమే అనేటోళ్లున్నరు, లక్షల పాత ఫొటోలున్న సైట్లకు అది నిజంగనే దారి. కానీ అది “టేబుల్ మీద మడతపెట్టిన ఆకుపచ్చ బట్ట” అంటది, ఏది నూలో ఏది పట్టో నేసినోళ్లకు, అమ్మేటోళ్లకే ఎరుక. ఈ పని ప్రోగ్రామర్‌ది కూడ కాదు, సరుకు తెలిసినోళ్లదే.

తెలుగుకు మాత్రమే ఉన్న చిక్కులు

ఇంగ్లిష్ల వచ్చే సలహాలు చదివి చేస్తే మన సైట్లకు సగం పనే అయితది, ఎందుకంటే మన కష్టాలు కొన్ని వేరే.

మొదటిది ఫాంట్లు. మన డీటీపీ సెంటర్లల్ల ఏండ్లసంది అను ఫాంట్ల మీద పేజ్‌మేకర్‌ల టైప్ చేసుడు అలవాటు. ఆ పాత ఫాంట్లల్ల కంటికి ‘నల్లగొండ’ అని కనవడుతుంది గానీ లోపల దాచింది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫాంట్ వాటి మీద తెలుగు బొమ్మ తొడుగుతది, అంతే. స్క్రీన్ రీడర్ ఆ బొమ్మను చూడదు, లోపల ఉన్న గుర్తుల్ని చదువుతది, అర్థం పర్థం లేని శబ్దాలు వస్తయి. గూగుల్‌ల వెతికినా దొరకదు. యూనికోడ్ అనే అంతర్జాతీయ పద్ధతిల తెలుగు అక్షరాలకు సొంత నంబర్లున్నయి, 1991ల వచ్చిన మొదటి వెర్షన్‌లనే తెలుగు ఉంది. యూనికోడ్ల టైప్ చేసింది ఏ స్క్రీన్ రీడర్‌కైనా తెలుగు గొంతు ఉంటే చదువుతది. ఒక్క ఫాంట్ పద్ధతి మార్చుకుంటే ఎంత సాహిత్యం, ఎన్ని సర్క్యులర్లు చెవికి అందుతయో ఆలోచించండ్రి.

రెండోది స్కాన్ చేసిన పీడీఎఫ్. ఆఫీసుల సర్క్యులర్ కంప్యూటర్లనే టైప్ చేస్తరు, ప్రింట్ తీస్తరు, సార్ సంతకం పెడతడు, ముద్ర పడుతది, మళ్ల స్కాన్ చేసి సైట్ల పెడతరు. మొదట అక్షరాలుగ ఉన్నది చివరికి ఫొటో అయి కూసుంటది. దీనికి ఆఫీసోళ్లు చెప్పే కారణం ఉంది, సంతకం ముద్ర కనవడకపోతే జనం నమ్మరు, ఎవరన్న మార్చి తిప్పితే తమ మీదికి వస్తది అని. అది తీసిపారేసే మాట కాదు. డిజిటల్ సంతకంతోని అక్షరాలున్న పీడీఎఫ్ పెట్టొచ్చు, లేదంటే స్కాన్ పక్కన అదే విషయం మామూలు పేజీగ కూడ పెట్టొచ్చు, రెండిట్ల ఏదైనా నడుస్తది. ఫొటోల ఉన్న రాతను అక్షరాలుగ మార్చే సాఫ్ట్‌వేర్, ఓసీఆర్ అంటరు, తెలుగుకు ఇప్పుడు చాన మెరుగైంది గానీ ముద్ర కింద పడ్డ అక్షరాలు, వంకరగ స్కాన్ చేసిన పేజీలు, అంకెల పట్టికల దగ్గర ఇంక తప్పుతది. హాల్‌టికెట్ నంబర్ల జాబితాల ఒక్క అంకె తప్పు చదివితే ఏమయితదో చెప్పనక్కర్లేదు.

మూడోది భాష గుర్తు. పేజీ ఏ భాషలుందో కోడ్‌ల రాయాలె. తెలుగు పేజీకి ఇంగ్లిష్ అని గుర్తు పెడితే ఇంగ్లిష్ గొంతు తెలుగును చదవబోయి వదిలేస్తది లేదా గజిబిజి చేస్తది. మనం రాసేది ఎట్లాగూ కలగలుపు కాబట్టి తెలుగు పేజీల ఇంగ్లిష్ పేరా వచ్చినప్పుడు ఆ ముక్కకు వేరే గుర్తు పెట్టాలె. చూసుకోని చేసేటోళ్లు తక్కువ.

రంగు, కదలిక, మీటలు

కాంట్రాస్ట్ అంటే అక్షరం రంగుకూ వెనక రంగుకూ వెలుతురుల ఎంత తేడా అన్నది. తెల్లటి మీద నల్లటిది 21కి 1, అంతకన్నా ఎక్కువ ఉండదు. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5కు 1, పెద్ద అక్షరాలకు 3కు 1 ఉండాలని ప్రమాణం. తెల్లటి మీద అచ్చ నీలం 8.5 దాటుతది, హాయిగ పాసవుతది. తెల్లటి మీద అచ్చ పసుపు 1 దాటి ఇంచు పోదు, ఎవలకూ కనవడదు. విచిత్రం ఎక్కడంటే తెల్లటి మీద అచ్చ ఎరుపు 4 దగ్గర ఆగుతది, అంటే ‘ముఖ్య గమనిక’ అని చిన్న ఎర్ర అక్షరాలతోని పెట్టేది, అందరూ చూడాలని పెట్టేది, చూపు తక్కువున్నోళ్లకు సరిగ కనవడదు. ఎరుపును కొంచెం ముదురు చేస్తే సరిపోతది. ‘ఎర్రగ ఉన్న డబ్బాలు మళ్ల నింపండి’ అనుడు ఇంకో సమస్య, ఎరుపు ఆకుపచ్చ తేడా తెల్వనోళ్లకు ఆ డబ్బా ఏదో తెల్వదు, పక్కన ‘తప్పు’ అని మాట కూడ ఉండాలె.

మన కాలేజీల సైట్లల్ల పైన ఉరుకుతుండే స్క్రోలింగ్ రాత, పక్కన మిణుకు మిణుకుమనే ‘కొత్త’ అనే బొమ్మ. మెల్లగ చదివేటోళ్లకు ఆ రాత అందకముందే పోతది. దానంతట అది మొదలై 5 సెకన్లు దాటి కదిలేది ఏదైనా ఆపే వీలు ఉండాలె, సెకనుకు 3 సార్ల కన్నా ఎక్కువ తళుక్కుమనేది ఉండొద్దు అని నియమం, రెండోది మూర్ఛ వచ్చే ప్రమాదం ఉన్నోళ్ల కోసం.

మౌస్ పట్టలేనోళ్లు కీబోర్డ్ మీద ట్యాబ్ మీట నొక్కుకుంట పోతరు. నొక్కినప్పుడల్ల ఇప్పుడు ఎక్కడున్నమో చూపించే గీత ఒకటి వస్తది, డిజైన్ అందం చెడుతుందని కొందరు ఆ గీతను తీసేస్తరు. తీసేసినంక ఆ మనిషికి ఎక్కడున్నడో తెల్వదు.

వినపడనోళ్ల సంగతి

వీడియో కింద క్యాప్షన్లు ఉంటే అయిపోయిందని అనుకుంటరు. చాలామందికి అవి చాలు, ముఖ్యంగ పెద్దయినంక వినికిడి పోయినోళ్లకు. కానీ పుట్టుకతోనే వినపడనోళ్లల్ల ఎంతోమందికి మొదటి భాష సైగల భాష, రాసిన తెలుగు బడిల నేర్చుకున్న రెండో భాష. వాళ్లకు పొడుగు పొడుగు వాక్యాల సర్కారు తెలుగు క్యాప్షన్లుగ వచ్చినా అందదు. సైగల భాష వీడియో ఉంటే మంచిది గానీ అంతర్జాతీయ ప్రమాణాలల్ల అది అన్నిటికన్నా పై స్థాయిల పెట్టిన్రు, అంటే చాన సైట్లకు తప్పనిసరి కాదు. ఇది సరి కాదని వినపడనోళ్ల సంఘాలు అంటయి, ఖర్చూ, దుబాసీల కొరతా చూసి పెట్టినం అని ప్రమాణాల దిక్కు వాదన. ఇంకా మామూలు ఇబ్బంది ఒకటుంది: ఓటీపీ ఫోన్ కాల్ చేసి చెప్పుడు, కంప్లైంట్ ఇయ్యాలంటే కాల్ సెంటర్ నంబర్ ఒక్కటే ఇచ్చుడు. మెసేజ్ దారి ఇంకోటి పెడితే అయిపోతది.

నియమాలు ఎవరు రాసిన్రు

ఈ అంకెలన్నీ వచ్చేది డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణం నుంచి. వెబ్ ప్రమాణాలు చూసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దీన్ని రాసింది, మొదటిది 1999ల, 2.0 2008ల, 2.1 2018ల, 2.2 2023 అక్టోబర్‌ల. దీని ఆధారం నాలుగు మాటలు: కనవడాలె లేదా వినవడాలె, వాడొచ్చేటట్టు ఉండాలె, అర్థం కావాలె, రకరకాల పరికరాల మీద గట్టిగ నడవాలె. ఒక్కొక్క నియమానికి ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని స్థాయి ఉంటది, ప్రపంచంల ఎక్కువ చట్టాలు అడిగేది డబుల్ ఏ.

మన దేశంల సర్కారు సైట్లకు జీఐజీడబ్ల్యూ అనే మార్గదర్శకాలు 2009ల వచ్చినయి, 2023ల మూడో వెర్షన్ వచ్చింది. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 అనే ప్రమాణం తెచ్చింది, 2023 మే నెలల దాన్ని చట్టం కింద రూల్స్‌ల కలిపిన్రు.

కోర్టు ఏమన్నది

2016 చట్టం సేవలందించేది సర్కారైనా ప్రైవేటైనా అందరికీ అందేటట్టు చేయాలనే అంటది. చట్టం మీరితే మొదటిసారి 10 వేల దాకా జరిమానా, తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా. కానీ 2017ల రాసిన రూల్స్‌ల 15వ రూల్ పెట్టిన ప్రమాణాల్ల చాన వరకు ‘ఇట్ల చేస్తే మంచిది’ అనే సలహాల తీరుగనే ఉండె. చట్టం ‘చేయాలె’ అంటుంటే రూల్ ‘చేయొచ్చు’ అంటే ఎట్ల అన్నదే చూపు లేని రాజీవ్ రతూరి వేసిన కేసుల పెద్ద ప్రశ్న అయింది. హైదరాబాద్‌ల ఉన్న నల్సార్ లా యూనివర్సిటీ వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన రిపోర్ట్ కూడ చూసి, 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు 15(1) రూల్ చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పనిసరి నియమాలు వేరేగ రాయాలని కేంద్రానికి 3 నెలల గడువు ఇచ్చింది. తప్పక చేయాల్సిన కనీసం ఏంది, మెల్లమెల్లగ చేరాల్సింది ఏంది అన్నది విడదీయాలని కోర్టు చెప్పింది, నాకు అది చాన తెలివైన మాట అనిపించింది, అన్నీ ఒక్కసారే అంటే ఏదీ కాదు.

రెండోది మొదట్ల చెప్పిన 2025 ఏప్రిల్ తీర్పు, ప్రగ్యా ప్రసూన్ కేసుది. యాసిడ్ దాడిల కండ్లు, ముఖం దెబ్బతిన్న ఆమె బ్యాంకుల ఖాతా తెరవబోతే ఆన్‌లైన్ కేవైసీల కండ్లు ఆర్పి చూపించమంది. మనిషి బతికున్న మనిషేనా ఫొటోనా అని తెలుసుకునే పరీక్ష అది. ఆమె కండ్లు ఆర్పలేకపోయింది, కేవైసీ పూర్తి కాలే. ఆమెతోపాటు చూపు లేని అమర్ జైన్ వేసిన పిటిషన్ కూడ కలిపి విని కోర్టు 20 ఆదేశాలు ఇచ్చింది. కండ్లు ఆర్పుడు కాకుండ వేరే తీరుగ గుర్తుపట్టాలె, వేలిముద్ర కూడ ఒప్పుకోవాలె, మెషిన్ కాదన్న దరఖాస్తును మనిషి చూడాలె, సైట్లను ఆడిట్ చేయించాలె, పరీక్షించేటప్పుడు చూపు లేనోళ్లను కలుపుకోవాలె, ఇట్లాంటివి.

ఇంక తేలని వాదనలు

క్యాప్చా, అంటే వచ్చింది మనిషా రోబోనా అని సైట్ పెట్టే పరీక్ష, దాని దగ్గర రెండు దిక్కులా న్యాయం ఉంది. రోబోలు వచ్చి తత్కాల్ టికెట్లు, స్లాట్లు ఊడ్చుకపోతే నష్టపోయేది మామూలు జనమే, కాబట్టి ఏదో ఒక అడ్డం కావాలె. కానీ వంకర అక్షరాల బొమ్మ చూపు లేనోళ్లను రోబోల లెక్కల కడుతుంది. శబ్దం క్యాప్చా పెడితే వినపడనోళ్లకు బొమ్మ ఉండాలె, చూపూ వినికిడీ రెండూ లేనోళ్లకు ఏదీ పనికిరాదు, పైగా గరగర శబ్దం నడుమ ఇంగ్లిష్ యాసల వచ్చే అక్షరాలు తెలుగు మీడియం పిల్లకు అందుతయా? మనిషిని ఏం అడగకుండ వెనకనే చూసుకునే పద్ధతులు వచ్చినయి, వాటికి మన కదలికలన్నీ గమనించాలె, గోప్యత సంగతేందని ఇంకొకరి ప్రశ్న. టైం అయిపోయి లాగవుట్ చేసుడు కూడ అంతే, బ్యాంకుకు అది రక్షణ, మెల్లగ టైప్ చేసేటోళ్లకు శిక్ష. మధ్యల దారి ఉంది: అయిపోయే ముందు హెచ్చరించి, ఒక్క మీటతోని పొడిగించుకోనియ్యాలె.

ఒక్క లైన్ కోడ్ పెడితే సైట్ మొత్తం యాక్సెసిబుల్ అయితదని అమ్మే పరికరాలు ఇంకో వివాదం, ఓవర్‌లే అంటరు వాటిని. మూలకు ఒక బొమ్మ వస్తది, నొక్కితే రంగు మారుతది, అక్షరం పెరుగుతది. చిన్నోళ్లకు తక్కువ ఖర్చుల ఏదో ఒకటి అయితది కదా అని అమ్మేటోళ్ల వాదన. కానీ లేబుల్ లేని డబ్బాకు ఏం పేరు పెట్టాలో ఆ పరికరానికి ఎట్ల తెలుస్తది? అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిల యాక్సెసిబీ అనే కంపెనీ తన పరికరం గురించి తప్పుడు మాటలు చెప్పిందని 10 లక్షల డాలర్లు కట్టించే ఆదేశం ప్రకటించింది. ఆటోమేటిక్ చెకింగ్ పరికరాలు మాత్రం పనికొస్తయి, వెబ్ఎయిమ్ అనే అమెరికా సంస్థ 2025ల 10 లక్షల హోంపేజీలను అట్లనే చూస్తే 94.8 శాతంల ఏదో ఒక తప్పు దొరికింది, అన్నిటికన్నా ఎక్కువ దొరికింది కాంట్రాస్ట్ తప్పే. అయితే ఆ పరికరం ఆల్ట్ టెక్స్ట్ ఉందా లేదా చూస్తది, చీర ఫొటోకు ‘గేదె’ అని రాసున్నా పాస్ చేస్తది.

ఖర్చు గురించి చిన్న దుకాణందార్లు అడిగేది తప్పు కాదు. మిర్యాలగూడల విత్తనాలు అమ్మే మనిషి రెడీమేడ్ డిజైన్ కొనుక్కోని సైట్ పెట్టుకుంటడు, కోడ్ ఆయన చేతిల లేదు. ఆయన చేతిల ఉన్నవి ఫొటో కింద మాట, ధరల పట్టిక ఫొటోగ కాక అక్షరాలుగ పెట్టుడు, వాట్సాప్ నంబర్ ఇచ్చుడు. మిగిలింది ఆ డిజైన్ చేసి వేల మందికి అమ్మినోళ్ల బాధ్యత, నా అభిప్రాయంల నియమాలు గట్టిగ పట్టాల్సింది వాళ్లనూ, సర్కారు టెండర్లు తీసుకునే కంపెనీలనూ. టెండర్ కాగితంల యాక్సెసిబిలిటీ పరీక్ష పాసైతేనే బిల్లు అని రాస్తే కొత్తగ కట్టే సైట్‌కు ఖర్చు పెద్దగ పెరగదు, కట్టినంక తవ్వి సరిచేసుడే ఖరీదు.

ఆఖరి వాదన, మీసేవ సెంటర్లున్నయి, ఆపరేటర్ చేసిపెడతడు, ఇంత తిప్పలెందుకు అని. ఆ సాయం నిజంగ కావాలె, ఫోన్ లేనోళ్లకు, చదువు రానోళ్లకు, స్క్రీన్ రీడర్ నేర్చుకోని వయసోళ్లకు అదే దిక్కు, దాన్ని తీసేయమని ఎవరూ అంటలేరు. సుప్రీంకోర్టు కూడ కేవైసీ విషయంల ఆన్‌లైన్ దారిని సరిచేయమంటనే కాగితం మీద చేసే పాత దారిని కూడ నడవనియ్యాలని చెప్పింది. ఏ దారిల పోవాల్నో ఎంచుకునేది ఆ మనిషి. ఆపరేటర్ దగ్గరికి పోయినా పిన్ కొట్టే మెషిన్ మీద 5 అంకె దగ్గర చేతికి తగిలే చుక్క ఉండి, ఆ మెషిన్ తన దిక్కు తిప్పి ఇస్తే, ఆ నాలుగు అంకెలు తన వేలితోనే కొట్టుకోవచ్చు.